చెరువు మీద దీపం నీడ: చిట్టి కోడ్‌తో యానిమేషన్ చెయ్యాలంటే ఏది ఎంచుకోవాలి

రాత్రి ఎనిమిది దాటాక మా రాజోలు వైపు ఏ రొయ్యల చెరువు గట్టు మీద నిలబడినా ఇది కనిపిస్తుంది. అవతలి గట్టు మీద కాపలా షెడ్డు, షెడ్డు ముందు ఒక బల్బు. నీళ్లలో ఆ బల్బు నీడ ఒక్క ముక్కగా ఉండదు. సన్నటి అడ్డగీతలుగా తెగిపోయి, అవతలి గట్టు నుంచి మన కాళ్ల దాకా నిచ్చెన వేసినట్టు ఉంటుంది. నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ తిరుగుతుంటే ఆ మెట్లన్నీ అటూ ఇటూ జరుగుతుంటాయి. బల్బు దగ్గరి మెట్లు కొంచెమే కదులుతాయి, మన దగ్గరివి బాగా ఊగుతాయి.

ఈ ఊపుని తెర మీదకి తేవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. 140 అక్షరాల కోడ్ చాలు. కానీ ఆ కోడ్ దేంట్లో రాయాలి అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. డిప్లొమా రెండో ఏడు చదువుతున్న మా మేనకోడలు కూడా అక్కడే ఆగింది. "మావయ్యా, ఒకళ్లు పీ-ఫైవ్ అంటారు, ఒకళ్లు షేడర్ అంటారు, ఇంకొకళ్లు టిక్-80 అంటారు. నేను దేంతో మొదలుపెట్టను?" అని అడిగింది. ఇవన్నీ కోడ్‌తో బొమ్మల్ని కదిలించే సాధనాలే. తన చేతిలో ఉన్నవి ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోను, వాళ్ల నాన్న వాడి పక్కన పెట్టిన పాత లాప్‌టాప్. ఇద్దరం కూర్చుని ఈ దీపం నీడనే ఒక్కోదాంట్లో చేసి చూశాం. ఏది ఎవరికి పనికొస్తుందో నాకు అప్పుడే బాగా అర్థమైంది.

గీసే చెయ్యా, ఊగే చేనా?

పేర్లు పది ఉన్నా, లోపల పద్ధతులు రెండే. ముందు ఇది తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

మొదటిది ముగ్గు వేసే పద్ధతి. ఒక చెయ్యి ఉంటుంది, అది పిండి పట్టుకుని "ఇక్కడ గీత, ఇక్కడ చుక్క" అంటూ ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది. అన్నీ వేశాక చెరిపేసి, కొంచెం జరిపి మళ్లీ వేస్తుంది. సెకనుకి 60 సార్లు ఇలా చేస్తే మన కంటికి కదిలినట్టు ఉంటుంది. బ్రౌజర్‌లో గీసుకోవడానికి ఉండే ఖాళీ పలక కాన్వాస్, ఆ గీతని తేలిక చేసే పీ-ఫైవ్, 140 అక్షరాల్లో బొమ్మ చేసే డ్విట్టర్ సైటు అన్నీ ఇలాగే పనిచేస్తాయి. టిక్-80లో కూడా ఎక్కువమంది రాసేది ఇలాగే.

రెండోది వరిచేను పద్ధతి. గాలి వీచినప్పుడు చేలో అల వెళ్తుంది కదా, ఆ అలని ఎవరూ గియ్యరు. ప్రతి దుబ్బూ తను నిలబడ్డ చోట ఎంత వంగాలో అంతే వంగుతుంది. గట్టు మీద ఉన్న మనకి అది అలలా కనిపిస్తుంది. షేడర్ అంటే అదే. తెర మీద ఉన్న ప్రతి పిక్సెల్‌కీ ఒకే ఫార్ములా ఇస్తాం. "నేను ఫలానా చోట ఉన్నాను, టైమ్ ఇంత అయింది, నా రంగు ఏంటి?" అని ఒక్కో పిక్సెల్ విడిగా లెక్క వేసుకుంటుంది. 1920 బై 1080 తెర అంటే 20,73,600 పిక్సెళ్లు. సెకనుకి 60 ఫ్రేములైతే ఆ ఫార్ములా 12 కోట్ల 44 లక్షల సార్లు నడవాలి. మామూలు ప్రాసెసర్‌కి ఇది బరువు. గ్రాఫిక్స్ చిప్‌లో వందల చిన్న లెక్కల గదులు ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి దానికి ఇది చేతనవుతుంది.

అందుకని నేను ముందు అడిగే ప్రశ్న ఇది: మీరు అనుకున్న బొమ్మలో వస్తువుల్ని లెక్కపెట్టగలరా? వాన చినుకులు, ఎగిరే కొంగలు, పెళ్లి పందిట్లో సీరియల్ లైట్లు ఇవన్నీ లెక్కకి వస్తాయి. వీటికి గీసే చెయ్యి కావాలి. పొగమంచు, మంట, ఎండలో కాలవ నీటి తళుకు వీటిని లెక్కపెట్టలేం. వీటికి చేను కావాలి. లెక్కకి రాని దాన్ని కాన్వాస్‌లో చెయ్యబోయి మొరాయించే కోడ్ రాసినవాళ్లని, పది బంతుల్ని ఎగరెయ్యడానికి షేడర్‌తో కుస్తీ పట్టినవాళ్లని నేను చాలామందిని చూశాను. తెలివి తక్కువై కాదు, ఈ ప్రశ్న ముందు వేసుకోకపోవడం వల్ల వాళ్ల రోజులు వృథా అయ్యాయి.

మా దీపం నీడ రెండింటికీ సరిపడుతుంది. మెట్లుగా చూస్తే లెక్కకి వస్తుంది, మెరుపుగా చూస్తే రాదు. పోల్చడానికి దాన్నే తీసుకున్నది అందుకే.

ఒక సాయంత్రం చుక్కలతో

కోడ్ అంటే బెరుకున్న వాళ్లని నేను నేరుగా టిక్సీ దగ్గర కూర్చోబెడతాను. మార్టిన్ క్లెప్పె అనే డెవలపర్ 2020లో పెట్టింది ఇది. బ్రౌజర్‌లో తెరిస్తే 16 వరుసల్లో 16 చుక్కలేసి, మొత్తం 256 చుక్కలు కనిపిస్తాయి. ధనుర్మాసంలో వాకిట్లో చుక్కలు పెట్టినవాళ్లెవరికైనా ఇది కొత్త కాదు. కింద ఒక్క లైను రాసే చోటు, అందులో 32 అక్షరాలకి మించి పట్టదు. టి అంటే టైమ్, ఐ అంటే ఆ చుక్క మొత్తంలో ఎన్నోదో చెప్పే నంబరు, ఎక్స్ అడ్డంగా, వై నిలువుగా. మీ ఫార్ములా విలువ ప్లస్ అయితే చుక్క తెల్లగా, మైనస్ అయితే ఎర్రగా, విలువ సున్నాకి ఎంత దూరమైతే చుక్క అంత లావుగా ఉంటుంది. అంతే.

చెరువులో రాయి వేసినట్టు గుండ్రటి అలలు కావాలనుకున్నాం. మధ్య చుక్క నుంచి దూరం కనుక్కుని, టైమ్‌లోంచి తీసేసి, సైన్ వెయ్యాలి. దూరం అనగానే మా మేనకోడలు పదో తరగతి పైథాగరస్ పట్టుకుంది. రెండు వర్గాలు కలిపి వర్గమూలం. రాసి చూస్తే 34 అక్షరాలు అయింది, రెండు ఎక్కువ. మధ్య బిందువు రెండు వైపులా 7.5 కావాలి, నిలువులో దాన్ని 6 చేస్తే సరిగ్గా 32 వచ్చింది. అల కొంచెం పైకి జరిగినా బొమ్మ ఆడింది. తర్వాత నేను హైపాట్ అనే ఫంక్షన్ చూపించాను. లంబకోణ త్రిభుజంలో కర్ణాన్ని నేరుగా ఇచ్చేస్తుంది అది. అప్పుడు లైను ఇలా మారింది (టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడాలి):

సిన్(టి-హైపాట్(ఎక్స్-7.5,వై-7.5))

ఇంగ్లీషులో 25 అక్షరాలు. మధ్య బిందువు మళ్లీ మధ్యలోకి వచ్చింది, ఏడు అక్షరాలు మిగిలాయి కూడా. ఆ ఏడింట్లో టైమ్‌ని మూడుతో గుణించి అల వేగం పెంచింది. చిట్టి కోడ్‌లో రుచి ఏంటో ఆ పూట తనకి తెలిసింది. అక్షరాలు తగ్గించడానికి లెక్కనే మరోలా ఆలోచించాలి. పదో తరగతిలో మార్కుల కోసం చదివిన కర్ణం ఇక్కడ అలగా మారడం చూసి "ఇది అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది" అంది. నాకూ అలాగే అనిపించింది.

దీపం నీడ మాత్రం టిక్సీలో కుదరలేదు. 16 వరుసల్లో నిచ్చెన కనిపిస్తుంది గానీ దీపంలా ఉండదు. టిక్సీ ఒక సాయంత్రానికి, సైన్ అలని చేతికి అలవాటు చేసుకోవడానికి. అక్కడే నెలల తరబడి కూర్చోనక్కర్లేదు.

140 అక్షరాల్లో బల్బు

డ్విట్టర్‌లో కాన్వాస్ 1920 బై 1080, కోడ్ 140 అక్షరాలు, భాష జావాస్క్రిప్ట్. అక్షరాలు ఆదా కావడానికి కొన్ని పేర్లు ముందే కుదించి ఇస్తారు. కాన్వాస్‌కి చిన్న సి, గీసే పెన్నుకి చిన్న ఎక్స్, సైన్‌కి పెద్ద ఎస్, టైమ్‌కి చిన్న టి, అది కూడా సెకన్లలో.

దీపం నీడని ఇక్కడ అడుగడుగునా చెప్తాను, ఎందుకంటే చిట్టి కోడ్ ఎలా ఆలోచిస్తుందో ఇందులో బాగా తెలుస్తుంది.

మొదట కాన్వాస్ వెడల్పుని మళ్లీ 1920 అని రాస్తాం. వెడల్పు మార్చినట్టు రాస్తే చాలు, బ్రౌజర్ పాత బొమ్మనంతా చెరిపేసి, పెన్ను రంగుని నలుపుకి తెచ్చేస్తుంది. చెరపడం, నలుపు ఎంచుకోవడం రెండు పనులూ ఒక్క ముక్కతో అయిపోయాయి. వెంటనే తెరంతా కప్పేలా పెద్ద దీర్ఘచతురస్రం వేస్తే రాత్రి అయిపోతుంది. తర్వాత రంగుని బంగారు రంగు అంటాం. ఇంగ్లీషులో ఆ రంగు పేరు నాలుగక్షరాలే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు విడివిడిగా ఇవ్వడం కన్నా చవక. తర్వాత 99 నుంచి సున్నాకి వెనక్కి లెక్కపెట్టే లూప్. వెనక్కి ఎందుకంటే, లెక్క సున్నాకి చేరగానే లూప్ తనంతట తనే ఆగుతుంది, "ఇంతకన్నా తక్కువైతే" అన్న షరతు రాయక్కర్లేదు.

లూప్ లోపల ఒకే ఒక్క పని. మెట్టు నంబరుని 9తో గుణించి 99 కలిపితే అది ఎంత కింద ఉండాలో వస్తుంది. మెట్టు నంబరుని 3తో భాగించి, టైమ్‌కి నాలుగు రెట్లు తీసేసి, సైన్ వేసి, మళ్లీ మెట్టు నంబరుతోనే గుణిస్తే అది ఎంత పక్కకి జరగాలో వస్తుంది. ఆ చివరి గుణకారమే ప్రాణం. పైన ఉన్న మెట్ల నంబర్లు చిన్నవి, అందుకే ఊపు తక్కువ. కింద మన కాళ్ల దగ్గరి మెట్టు 98వది, అది 98 పిక్సెళ్ల దాకా అటూ ఇటూ ఊగుతుంది. గట్టు మీద చూసింది అచ్చం అదే కదా.

ఇదంతా కలిపి 115 అక్షరాలైంది. మిగిలిన 25లో ఏం చెయ్యాలా అని చూస్తే, నీడ కిందికి వచ్చేకొద్దీ మసకబారాలి. పారదర్శకతని ఒకటిలోంచి మెట్టు నంబరు బై 99 తీసేసినంత చెయ్యాలి. దాన్ని లూప్ షరతులోనే కామా పెట్టి ఇరికిస్తే 136. నాలుగు అక్షరాలు మిగిలాయి. వాటినేం చెయ్యలేకపోయాం, అలాగే వదిలేశాం.

డ్విట్టర్‌లో ఇంకో పద్ధతి కూడా వాడుకలో ఉంది. అక్కడ కొలిచేది అక్షరాల్నే గానీ బైట్లని కాదు. అందుకని రెండేసి మామూలు అక్షరాల్ని ఒక్కో యూనికోడ్ అక్షరంలో కుదించి 194 దాకా పట్టిస్తారు. తెలుసుకుని ఉంచుకోండి, మొదట్లో వాడకండి. అలా కుదించిన కోడ్‌ని పక్కవాళ్లు చదివి నేర్చుకోలేరు. డ్విట్టర్‌లో నాకు బాగా నచ్చేదే అది, ఎవరి కోడ్ అయినా బొమ్మ కిందే కనిపిస్తుంది, ఒక అంకె మార్చి ఏమవుతుందో అక్కడికక్కడే చూడొచ్చు.

పీ-ఫైవ్ కావాలా, ఉత్త కాన్వాస్ చాలా?

జావాస్క్రిప్ట్ అసలు రానివాళ్లకి పీ-ఫైవ్. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో మొదలుపెట్టిన ప్రాసెసింగ్ అనే భాష బాటలోనే, లారెన్ మెకార్తీ దీన్ని బ్రౌజర్ కోసం తయారు చేసింది. సెటప్ అని ఒక గది, అది ఒక్కసారి నడుస్తుంది. డ్రా అని ఇంకో గది, అది ప్రతి ఫ్రేముకీ నడుస్తుంది. గుండ్రం గియ్యాలంటే ఒకే పదం. ఉత్త కాన్వాస్‌లో అదే గుండ్రానికి దారి మొదలుపెట్టు, చాపం వెయ్యి, రంగు నింపు అని మూడు మాటలు చెప్పాలి. పొరపాటు చేస్తే ఎక్కడ చేశామో పీ-ఫైవ్ అర్థమయ్యే మాటల్లో చెప్తుంది. దాని ఎడిటర్ బ్రౌజర్‌లోనే ఉంటుంది, లాప్‌టాప్ లేని పిల్లలు ఫోన్లోనే కష్టపడి అయినా నేర్చుకోగలరు.

దాని లోపం దాని బరువే. మన కోడ్ రెండొందల బైట్లు, దాన్ని నడిపించే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ మూట, ఒక ఎంబీ దరిదాపు. నేర్చుకునేటప్పుడు ఇదేం లెక్క కాదు. ఒక చిన్న షాపు వెబ్‌సైట్ మూలన నీటి అల పెట్టడానికి ఆ ఎంబీ మోయించడం మాత్రం న్యాయం కాదు. గోదావరి లంకల్లో ఇప్పటికీ ఒక గీత సిగ్నల్ మీద సైటు తెరిచేవాళ్లున్నారు.

కొంచెమైనా జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లు ఉత్త కాన్వాస్‌కి వెళ్లిపోండి. ఒకే ఒక్క ఫైలు, పదిహేను లైన్లు, నెట్ అక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేసేదేం లేదు. పదేళ్ల తర్వాత తెరిచినా నడుస్తుందని నా నమ్మకం. ఒక్క జాగ్రత్త మాత్రం మనసులో పెట్టుకోండి. ప్రతి ఫ్రేముకీ ఒకటి కలుపుకుంటూ పోయే లెక్క పెట్టకండి. ఫోను తెర సెకనుకి ఎన్నిసార్లు మారితే బ్రౌజర్ మన కోడ్‌ని అన్నిసార్లు పిలుస్తుంది. మా మేనకోడలి లాప్‌టాప్ 60 సార్లు పిలిస్తే, ఫోను 90 సార్లు పిలిచింది. లాప్‌టాప్‌లో నింపాదిగా ఊగిన దీపం ఫోన్లో ఒకటిన్నర రెట్లు వేగంగా ఊగి, గాలివానకి ఊగినట్టు కనిపించింది. బ్రౌజర్ ఇచ్చే టైమ్‌నే తీసుకుని లెక్క వేస్తే ఎక్కడైనా ఒకేలా ఉంటుంది.

మెరుపు కావాలంటే షేడర్

బల్బు చుట్టూ పసుపు కాంతి పొగలా పరుచుకోవాలంటే కాన్వాస్‌లో షాడో బ్లర్ అని ఒకటుంది. 99 మెట్లకీ పెడితే పాత లాప్‌టాప్ మూలుగుతుంది. షేడర్‌లో ఇది దాదాపు ఉచితం. దీపం గీత నుంచి పిక్సెల్ ఎంత దూరంలో ఉందో తీసుకుని, ఒక చిన్న సంఖ్యని ఆ దూరంతో భాగిస్తే చాలు. దగ్గర పిక్సెళ్లు వెలిగిపోతాయి, దూరం పెరిగేకొద్దీ మెల్లగా చీకటిలో కలిసిపోతాయి. ఆ ఒక్క భాగహారానికి మా ఇద్దరికీ నోట మాట రాలేదు. ఎనిమిది లైన్లలో నిజంగా చెరువు గట్టు మీద నిలబడ్డట్టే వచ్చింది.

నేర్చుకోవడానికి షేడర్‌టాయ్ అనే వెబ్‌సైట్ మంచి చోటు. ఇనిగో కీలెజ్, పోల్ జెరెమియాస్ 2013లో మొదలుపెట్టారు. టైమ్, తెర కొలత, మౌస్ ఎక్కడుంది అన్నవి అక్కడ సిద్ధంగా ఉంటాయి, మనం ఫార్ములా రాస్తే చాలు. కానీ అదే ఫార్ములాని మన సొంత పేజీలో పెట్టాలంటే బ్రౌజర్ నుంచి గ్రాఫిక్స్ చిప్‌ని నడిపించే వెబ్‌జీఎల్ సన్నాహం ముప్పై నలభై లైన్లు అదనంగా రాసుకోవాలి. షేడర్‌టాయ్‌లో చూసి "ఎనిమిది లైన్లే" అనుకున్నవాళ్లు ఇక్కడ తడబడతారు.

ఫోన్ల విషయం కూడా చెప్పాలి. బరువైన షేడర్లు, ముఖ్యంగా పిక్సెల్‌కో కిరణం పంపి త్రీడీ లోకం కట్టేవి, మామూలు ఫోన్ని పది నిమిషాల్లో వేడెక్కిస్తాయి. ఇంకొకటి, దశాంశాల కచ్చితత్వాన్ని తక్కువలో పెడితే టైమ్ విలువ పెరిగేకొద్దీ కొన్ని ఫోన్లలో అల గతుకులు గతుకులుగా కదులుతుంది. లాప్‌టాప్‌లో చూస్తే ఏ తేడా ఉండదు. కచ్చితత్వం ఎక్కువ కావాలని కోడ్ మొదట్లోనే రాసి, టైమ్‌ని ఒక పూర్తి ఆవర్తనం దగ్గర మళ్లీ సున్నాకి తెచ్చుకోండి.

తీర్థం రోజు రాత్రి

మా ఊరి అమ్మవారి తీర్థానికి స్టేజీ వెనక ఎల్ఈడీ తెర పెట్టారు. కార్యక్రమాల మధ్య ఖాళీలో మన దీపం నీడ వేద్దామని కుర్రాళ్లు అడిగారు. షేడర్‌లో చేసింది ఎంత బాగుందో చూశారు కాబట్టి అదే కావాలన్నారు. ఆ సాయంత్రం తెరకి తగిలించిన లాప్‌టాప్‌కి దాన్ని లాగే శక్తి లేదు. నీళ్లు అలలుగా కాకుండా ఫొటోలు ఒకటొకటి తిప్పినట్టు వచ్చాయి. పైగా బొమ్మ తెరవాల్సింది నెట్‌లో. తీర్థానికి వచ్చిన వేలమంది జేబుల్లో ఫోన్లు, అందరూ వీడియోలు పంపుతున్నారు, హాట్‌స్పాట్ తిరుగుతూనే ఉంది. నాకు చెమటలు పట్టాయి.

అప్పుడు మా మేనకోడలు తన పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఉత్త కాన్వాస్ ఫైలు తెరిచింది. నెట్ అక్కర్లేదు, గ్రాఫిక్స్ చిప్ పెద్దది అక్కర్లేదు. 99 మెట్లు, ఒక సైన్. బుర్రకథ వాళ్లు సర్దుకునేదాకా ఇరవై నిమిషాలు స్టేజీ వెనక మా చెరువు ఊగింది. చివరి వరసలో కూర్చున్న చెరువు కాపలా తాత ఒకాయన "అది మన షెడ్డు లైటే గదంట్రా" అన్నాడని తర్వాత చెప్పారు. నాకు అంతకన్నా ఏం కావాలి?

ఆ రాత్రి నుంచి నేను ఎవరికైనా రెండో ప్రశ్న ఇదే వేస్తున్నాను: బొమ్మని చివరికి ఎక్కడ, ఏ మెషీన్ మీద చూస్తారు? మీ లాప్‌టాప్‌లో అందంగా ఉండటం వేరు, స్టేజీ మీద నడవడం వేరు. వాట్సాప్ స్టేటస్‌కైతే అసలు ఏ గొడవా లేదు, స్క్రీన్ రికార్డు చేసి వీడియోగా పెట్టెయ్యండి. జిఫ్ చెయ్యకండి, దానికి 256 రంగులే, దీపం చుట్టూ కాంతి పట్టీలు పట్టీలుగా విరిగిపోతుంది.

పాత లాప్‌టాప్‌కి టిక్-80

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఇది, దాచను. లేని ఒక పాత గేమ్ కంప్యూటర్‌ని ఊహించుకుని కట్టిన సాఫ్ట్‌వేర్. తెర 240 బై 136, రంగులు 16. కోడ్, బొమ్మలు, సంగీతం రాసుకునే ఎడిటర్లన్నీ అందులోనే ఉంటాయి. ఉచితం, ఓపెన్ సోర్స్. ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు, కరెంటు పోయినా లాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు రాసుకోవచ్చు. లువా భాషలో మొదలుపెట్టడం తేలిక, జావాస్క్రిప్ట్ కూడా నడుస్తుంది.

32,640 పిక్సెళ్లే కాబట్టి వరిచేను పద్ధతి కూడా ఇక్కడ ప్రయత్నించొచ్చు, ప్రతి పిక్సెల్‌కీ లూప్ తిప్పినా చాలా లాప్‌టాప్‌లు తట్టుకుంటాయి. 16 రంగులే అన్నది కొరత అనిపిస్తుంది గానీ, దీపం నీడకి అదే వరమైంది. దాని మామూలు రంగుల పెట్టెలో 4వది పసుపు, 3వది నారింజ, 2వది ఎరుపు, 1వది ఊదా, 0 రాత్రి నలుపు. అంటే మెట్టు కిందికి వచ్చేకొద్దీ రంగు నంబరు ఒక్కొక్కటి తగ్గిస్తే చాలు, దీపం తనంతట తనే చల్లారుతుంది. పారదర్శకత లెక్కే అక్కర్లేకపోయింది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇక్కడ టైమ్ మిల్లీసెకన్లలో వస్తుంది. వెయ్యితో భాగించకపోతే దీపం పిచ్చెక్కినట్టు ఊగుతుంది.

పీకో-8 కూడా ఇదే కోవ, 128 బై 128, 16 రంగులు. చక్కటిది, కానీ డబ్బు పెట్టి కొనాలి. బ్రౌజర్‌లో నేర్చుకోవడానికి ఉచిత రూపం ఉంది. దాని సైన్ మాత్రం బడిలో నేర్చుకున్నట్టు ఉండదు. పూర్తి చుట్టు అంటే 1, పైగా తలకిందులుగా వస్తుంది. లెక్కల్లో ఇప్పుడిప్పుడే కాళ్లు నిలదొక్కుకుంటున్న పిల్లలకి ఇది గందరగోళం. నేనైతే మొదట టిక్-80 అంటాను.

యూరప్‌లో డెమోసీన్ అనే సంప్రదాయం ఉంది. కొన్ని వందల బైట్లలో బొమ్మ, సంగీతం ఆడించే పోటీలు దశాబ్దాలుగా పెట్టుకుంటున్నారు. ఫిన్లాండ్ 2020లో దాన్ని తమ దేశ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది, తర్వాతి ఏడాది జర్మనీ చేర్చింది. ఇప్పుడు అక్కడ వేదిక మీదే పోటీపడి కోడ్ రాసే ఆటల్లో టిక్-80 వాడుతున్నారు. మన ముగ్గుల పోటీల్లాంటివే అనుకోండి. ఆట కట్టే సరదా ఉంటే జేఎస్-13కే అనే చిట్టి ఆటల పోటీ చూడండి. 2012 నుంచి ఏటా ఆగస్టు 13న మొదలై సెప్టెంబరు 13న ముగుస్తుంది. ఆట మొత్తం జిప్ చేశాక 13,312 బైట్లలో ఉండాలి.

వెబ్ పేజీ రూపాన్ని తీర్చే సీఎస్ఎస్ గురించి రెండు మాటలు చాలు. శుభలేఖ పేజీలో పూలు రాలడం, బటన్ మెరవడం లాంటివాటికి జావాస్క్రిప్టే అక్కర్లేదు, సీఎస్ఎస్‌తో అయిపోతాయి. జరపడం, తిప్పడం, మసకబార్చడం వీటిని ట్రాన్స్‌ఫామ్, ఒపాసిటీ అనే రెండు సీఎస్ఎస్ లక్షణాలతోనే చెయ్యండి. బ్రౌజర్ వాటిని తేలిగ్గా నడుపుతుంది, బ్యాటరీ మిగులుతుంది. కదలికలు చూస్తే తల తిరిగేవాళ్లు ఫోన్లో వాటిని తగ్గించుకునే సెట్టింగ్ పెట్టుకుంటారు, దాన్ని మన్నించే నాలుగు లైన్లు కూడా రాయండి.

ఎవరికి ఏది

కోడ్ కొత్త, చేతిలో ఫోనే ఉంది అంటే ఒక సాయంత్రం టిక్సీ, మర్నాటి నుంచి పీ-ఫైవ్. పాత లాప్‌టాప్ ఉంది, నెట్ వస్తూ పోతూ ఉంటుంది అంటే టిక్-80, సందేహం లేకుండా. జావాస్క్రిప్ట్ వచ్చు, సైటులోనో స్టేజీ మీదో పెట్టాలి అంటే ఉత్త కాన్వాస్. రోజూ పావుగంట చేతికి సాన పెట్టుకోవాలంటే డ్విట్టర్. నీళ్లు, పొగ, మంట మీద మనసు పడితే షేడర్, కానీ సైన్ అల చేతికి వచ్చాకే. లెక్క రాకుండా షేడర్‌టాయ్‌లోకి వెళ్తే ఇతరుల కోడ్‌ని కాపీ చేసి చూస్తుండటం తప్ప మన బొమ్మ మనకి రాదు.

ఏది ఎంచుకున్నా, మొదటి రోజే అక్షరాలు తగ్గించకండి. ముందు వెడల్పుగా, పేర్లు పూర్తిగా పెట్టి రాయండి. బొమ్మ మీకు నచ్చాక ఆ ఫైలుని పక్కన దాచుకుని, కాపీ మీద కుదింపు మొదలుపెట్టండి. మేం ఒకసారి దాచుకోకుండా కుదించాం. నాలుగు రోజుల తర్వాత తెరిస్తే ఆ 9 ఎందుకో, 99 ఎందుకో మాకే అర్థం కాలేదు, మళ్లీ గట్టు మీదకి వెళ్లి చూసి రాసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మా మేనకోడలు టిక్-80లో ఏరియేటర్ చక్రం నురుగు చేస్తోంది. నురుగు బుడగలు లెక్కకి వస్తాయా రావా అని రెండు రోజులుగా ఇద్దరం వాదించుకుంటున్నాం. బుడగలు వంద దాకా గీస్తే చాలంటుంది తను. ఒడ్డుకి కొట్టుకొచ్చే తెల్లటి నురుగు పట్టీ కూడా కావాలంటే పిక్సెల్‌కో లెక్క తప్పదంటాను నేను. నిన్న రాత్రి తను ఒక దారి కనిపెట్టింది: కొత్త ఫ్రేములో తెరంతా చెరపకుండా, అక్కడక్కడా కొన్ని పిక్సెళ్లనే తీసుకుని వాటి రంగు నంబరు ఒకటి తగ్గించడం. పాత బుడగలు వాటంతటవే కరిగిపోతూ వెనక పట్టీ వదులుతున్నాయి. ఇంకా రంగులు కుదరలేదు, నురుగు కొంచెం ఊదాగా వస్తోంది.